పదమూడేళ్ల లాబ్రడార్‌కి కిడ్నీలు పోయాయి, ఇంట్లోనే ఇంజెక్షన్ ఇప్పించొచ్చా?

ప్రశ్న: ఉప్పల్_లాబ్

ఆడ లాబ్రడార్, 13 ఏళ్లు. 31 కిలోలుండేది, ఇప్పుడు 22. రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీలు ఎంత పాడయ్యాయో చెప్పే లెక్క) 7.8. రోజూ చర్మం కింద సెలైన్ ఎక్కిస్తున్నాం. అయినా నాలుగు రోజులుగా ముద్ద ముట్టడం లేదు, నీళ్లు తాగినా కక్కేస్తోంది. ఇక దాన్ని బాధపెట్టొద్దని డాక్టర్ గారు అన్నారు. ప్రాణం పోయే ఇంజెక్షన్ ఇవ్వడానికి ఇంటికే వస్తారట. అసలేం చేస్తారు, దానికి నొప్పి తెలుస్తుందా? మాది అపార్ట్‌మెంట్, తర్వాత ఎక్కడికి తీసుకెళ్లాలి?

జవాబు: పశువైద్యం_చిన్నజంతువులు

క్రియాటినిన్ 5 దాటితే కిడ్నీ జబ్బులో ఆఖరి దశ కిందే లెక్క. సెలైన్ ఎక్కుతున్నా వాంతులు ఆగలేదంటే మీ డాక్టర్ గారు తొందరపడలేదు.

ముందు మత్తు ఇస్తారు. కండకిచ్చే సూదైతే అయిదు పది నిమిషాల్లో తల వాల్చేస్తుంది. సూది గుచ్చినప్పటి చురుకు తప్ప దానికి ఇంకేమీ తెలియదు. జైలజీన్ అనే మత్తుమందు వాడితే నిద్రలోకి జారే ముందు ఒకసారి కక్కుకోవచ్చు, మూతి కింద పాత తువ్వాలు వేసి ఉంచండి.

ఆ తర్వాత ముంగాలి నరంలోకి అసలు మందు. పెంటోబార్బిటాల్ మన దగ్గర అన్నిచోట్లా దొరకదు. అందుకని చాలామంది థయోపెంటోన్ అనే మత్తుమందు ఎక్కువ మోతాదులో ఇచ్చి, పూర్తిగా స్పృహ పోయాక పొటాషియం క్లోరైడ్‌తో గుండె ఆపుతారు. పద్ధతి సరైనదే, కానీ ఈ వరస తప్పకూడదు. స్పృహ ఉండగా పొటాషియం వెళ్తే అది నరకయాతన. కాలివేళ్ల మధ్య గట్టిగా నొక్కితే కాలు లాక్కోకూడదు, కంటి మీద వేలు ఆనిస్తే రెప్ప కదలకూడదు. ఆ రెండూ చూశాకే ఇస్తారా అని ముందే అడగండి. ఏ మంచి డాక్టరూ తప్పు పట్టరు.

ఇంట్లో తేడా వచ్చేది ఎక్కువగా నరం దగ్గరే. ఒంట్లో నీళ్లు తగ్గిన కుక్కకి నరాలు అణిగిపోయి ఉంటాయి, సూది పక్కకి పోతే థయోపెంటోన్ భగ్గున మండుతుంది. అందుకే ముందు రోజో ఆ పొద్దున్నో కాన్యులా (నరంలో ఉంచేసే సన్న గొట్టం) పెట్టించండి. అది నాకకుండా పైన బ్యాండేజీ చుట్టాలి.

ప్రాణం పోయాక కళ్లు మూసుకోవు. రెండు మూడు నిమిషాలకి ఒకటి రెండు పెద్ద ఊపిరులు తీసినట్టు అవ్వొచ్చు, పొట్ట దగ్గర చర్మం అదరొచ్చు, మూత్రం పోవచ్చు. బతికుందేమోనని బెదిరిపోకండి, అవి కండరాల కదలికలే. డాక్టర్ గారు స్టెతస్కోప్ పెట్టి కొన్ని నిమిషాలు విని చెప్పేదాకా పక్కనే ఉండి తల నిమురుతూ ఉండండి.

జవాబు: ముసలికుక్కల_సేవ

ఇంకా తేల్చుకోలేక ఈ పేజీకి వచ్చే వాళ్ల కోసం. అమెరికాలో ఆలిస్ విల్లాలోబోస్ అనే పశువైద్యురాలు పెట్టిన లెక్క ఒకటుంది. నొప్పి (ఊపిరి కష్టం కూడా ఇందులోకే వస్తుంది), ఆకలి, ఒంట్లో నీరు, శుభ్రం, సంతోషం, నడక, చెడ్డ రోజులకన్నా మంచి రోజులు ఎక్కువున్నాయా అన్నది. ఒక్కోదానికి 10 మార్కులు, బాగుంటే ఎక్కువ. మొత్తం 35 దాటితే సేవ చేస్తూ నెట్టుకురావచ్చు. ఒక్క రోజు మార్కులు చూసి తేల్చకండి, వారం పాటు క్యాలెండర్ మీద రాసుకోండి. ఇంట్లో ఇద్దరు విడివిడిగా వేస్తే ఆశకొద్దీ వేసిన మార్కులు తెలిసిపోతాయి.

ఈ లోపు బ్రూఫెన్, డైక్లోఫెనాక్ లాంటి మన నొప్పి మాత్రలు వేయొద్దు, మిగిలిన కాస్త కిడ్నీనీ అవే తినేస్తాయి. నోరు తెరిచి గంజి పొయ్యకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

జవాబు: మట్టి_పని

మీది హైదరాబాద్ ఉప్పల్ అయితే మీకు ఫతుల్లాగూడ దగ్గర, నాగోల్ వైపు. అక్కడ పెంపుడు జంతువుల దహనశాల ఉంది. ముందు రోజే ఫోన్ చేసి వేళ, ఖర్చు కనుక్కోండి. అస్థికలు కావాలంటే విడిగా దహనం చేస్తారా అని అప్పుడే అడగాలి.

సొంత స్థలంలో పాతిపెడితే కనీసం నాలుగడుగుల లోతు. మూడడుగులకే ఆపితే వాసనకి వీధి కుక్కలు తవ్వేస్తాయి, ఆ ఒంట్లో ఉన్న మందు వాటికీ విషమే. పైన బండరాళ్లు పేర్చండి. బావికి, బోరుకి దూరంగా తవ్వాలి. పాలిథిన్‌లో చుట్టొద్దు, నూలు దుప్పటి చాలు. బస్తా ఉప్పు పొయ్యడం మనవాళ్ల అలవాటు గానీ, దాంతో ఒళ్లు మట్టిలో కలవడం ఆలస్యమే అవుతుంది.

పోయిన అరగంటలోపే కాళ్లు పొట్టకేసి మడిచి, అది పడుకునే తీరులో చుట్టగా పడుకోబెట్టండి. బిగుసుకున్నాక కాళ్లు వంగవు, కారు డిక్కీలో పట్టదు. తోక కింద పాత బట్ట పెట్టండి. 22 కిలోలు ఒక్కరే ఎత్తలేరు, దుప్పటి నాలుగు కొసలూ ఇద్దరు పట్టుకోవాలి.

ఉప్పల్_లాబ్:

చాలా థ్యాంక్సండీ. రేపు పొద్దున కాన్యులాకి చెప్పాను. ఎనిమిదేళ్ల పాపకి ఏం చెప్పాలి? ఇంట్లో ఇంకో కుక్క కూడా ఉంది.

జవాబు: పశువైద్యం_చిన్నజంతువులు

పాపతో "నిద్రపుచ్చాం" అనకండి, రాత్రి పడుకోవడానికి భయపడుతుంది. "ఊరికి పంపాం" అంటే తిరిగొస్తుందని ఎదురుచూస్తుంది. "కిడ్నీలు పాడైపోయాయి, మందులు పనిచేయలేదు, రేపు చనిపోతుంది, నొప్పి లేకుండా డాక్టర్ గారు సాయం చేస్తారు" అని ఈ రోజే చెప్పండి. పక్కన ఉంటానంటే ఉండనివ్వండి, వద్దంటే బలవంతం చేయొద్దు.

రెండో కుక్కని సూది వేసేటప్పుడు వేరే గదిలో ఉంచండి. అంతా అయ్యాక తెచ్చి వాసన చూడనివ్వండి. తర్వాత కొన్నాళ్లు గుమ్మం దగ్గర వెతుక్కోవచ్చు, తిండి తగ్గొచ్చు. రెండు రోజులు అసలేమీ తినకపోతే మాత్రం చూపించండి. పెద్దదాని పరుపు వెంటనే ఉతకొద్దు, కొన్నాళ్లు అక్కడే ఉంచండి.