150 మాటల్లో శ్రీకాకుళం: ఏది ఉంచాలి, ఏది తీసేయాలి?

గుడివీధి కుర్రాడు (పేరుకే కుర్రాడు, నలభై దాటాయి):
అందరికీ నమస్కారం. మన ఊరి స్ఫూర్తి మీద చిన్న రచనల పోటీ ఒకటి పెట్టారు. కథైనా సరే, కవితైనా సరే, 150 మాటలు దాటకూడదు, ఇంకా పది రోజులు టైముంది. పుట్టి పెరిగిన ఊరే కదా, ఒక్క పూటలో అయిపోతుందనుకుని కూర్చున్నాను. అరసవల్లి సూర్యుడి గుడి, నాగావళి, బలరాముడు నాగలితో నదిని లాక్కొచ్చిన కథ, 1641 నాటి జామియా మసీదు, డచ్చి వాళ్ల బంగ్లా, పొందూరు ఖద్దరు, ఏడు రోడ్ల జంక్షన్, 2018 తిత్లీ తుఫాను, అన్నీ పెట్టేసరికి 430 అయింది. రెండు రోజుల నుంచి కొడుతున్నా 310 కంటే దిగట్లేదు. మా ఆవిడ చదివి "బస్టాండులో టూరిజం బోర్డులా ఉంది" అంది. నిజమే అనిపించింది గానీ ఏది తీసినా ఊరికి అన్యాయం చేసినట్టు ఒకటే బాధ. ఇంకో డౌటు, మన యాసలో రాస్తే జడ్జిలు కామెడీ అనుకుంటారా?

ఏడు రోడ్ల పక్క సందు:
ముందు ఊర్లోంచి జిల్లాని బయటికి పంపించు అన్నయ్యా. తిత్లీ ఎక్కువగా కొట్టింది ఉద్దానాన్ని, పలాస, వజ్రపుకొత్తూరు వైపు. కొబ్బరీ జీడీ తోటలు కూలిపోయింది అక్కడ. పొందూరు ఖద్దరు పొందూరుది. వాలుగ చేప దవడతో దూదిని శుభ్రం చేసే పని అది, దాని గురించి విడిగా ఓ కథ రాయొచ్చు, ఇక్కడ ఒక వాక్యంలో ఇరికిస్తే వాళ్లకే అవమానం. ఈ రెండూ తీసేస్తే 60 మాటలు దిగిపోతాయి. (మనది నగరమా కాదా అనే గొడవ ఇక్కడ మొదలుపెట్టొద్దు, ప్లీజ్.)

వలస పక్షి, హైదరాబాద్:
నాకైతే ఊరంటే స్టేషన్ నుంచి ఇంటికెళ్లే దారే గుర్తొస్తుంది. ఊరి పేరుతో స్టేషనుంది కానీ అది ఊళ్లో లేదు. బోర్డు మీద శ్రీకాకుళం రోడ్డు అని ఉంటుంది, దిగేది ఆమదాలవలసలో, అక్కడి నుంచి మళ్లీ ఆటోనో బస్సో. సంక్రాంతికి తెల్లారగట్ట దిగితే ఆటోలో ఏడుగురం, ఒళ్లో బ్యాగులు, పక్కన మద్రాసు నుంచి వచ్చిన మేస్త్రీ, సగం నిద్రలో పిల్లలు. డ్రైవరు "ఎక్కడ దించాలి" అనడు, "ఎవలింటికి బావూ" అంటాడు. ఆ ఒక్క మాటకే నాకు ఇల్లు చేరినట్టుంటుంది. మీరు రాయకపోతే నేనే రాసేస్తాను, తర్వాత ఏడవకండి.

రిటైర్డు తెలుగు మాస్టారు:
బాబూ, రెండు సంగతులు చెబుతాను. మొదటిది, వాళ్లు మాటలు ఎలా లెక్కపెడతారో కనుక్కో. ఖాళీకీ ఖాళీకీ మధ్య ఉన్నదాన్ని ఒక మాట అంటే గనక నువ్వు అదృష్టవంతుడివి. "వెళ్లలేకపోయినవాళ్లకి" అన్నది తెలుగులో ఒక్క మాట, ఇంగ్లీషులో అదే చెప్పాలంటే ఐదారు కావాలి. మన 150లో చాలా పడుతుంది. అలాగని లెక్క కోసం మాటలన్నీ అతికించేసి సంధులు కట్టకు, చదివేవాడికి ఊపిరాడదు.

రెండోది యాస. సినిమాల్లో దాన్ని ఎప్పుడూ కమెడియన్ నోట్లో పెట్టడం వల్ల జనానికి వినగానే నవ్వడం అలవాటైపోయింది. నువ్వు కష్టంలో ఉన్న మనిషి చేత పలికించు, ఎవడు నవ్వుతాడో చూద్దాం. కథనం మామూలు భాషలో నడిపి మాటలు మాత్రం యాసలో పెట్టడం తేలిక.

అసలు నువ్వుండే ఊళ్లోనే కథానిలయం ఉంది. కాళీపట్నం రామారావు గారు 1997లో పెట్టారు, తెలుగు కథల కోసమే ఒక లైబ్రరీ. చిన్న కథలున్న పాత పత్రికలు అడిగి ఒక పూట కూర్చుని చదువు. పేజీన్నరలో ముగించినవాళ్లు మొదటి వాక్యంలో ఏం చెప్పకుండా వదిలేశారో చూడు. మేం ఇక్కడ ఎంత చెప్పినా అంత రాదు.

ఏడు రోడ్ల పక్క సందు:
కథనం మామూలు భాషలో, మాటలు యాసలో అన్నదానికి నేను ఒప్పుకోను మాస్టారూ. అలా చేస్తే చదువుకున్నవాడు పైన నిలబడి కింద వాళ్ల గురించి చెబుతున్నట్టుంటుంది. రాస్తే మొత్తం యాసలోనే రాయాలి.

రిటైర్డు తెలుగు మాస్టారు:
అదీ నిజమే. కానీ మొత్తం యాసలో నిలబెట్టడం చెయ్యి తిరిగినవాళ్ల పని, గడువు పది రోజులే.

గుడివీధి కుర్రాడు:
అందరికీ థ్యాంక్స్. నిన్న కథానిలయానికి వెళ్లొచ్చాను, వచ్చాక 310 మాటలూ చించేశాను. స్టేషను మన వలస పక్షి చెల్లాయికే వదిలేశాను. నాది అరసవల్లే, కానీ గుడి చరిత్ర లేదు. మార్చి 9, 10 తేదీల్లో, మళ్లీ అక్టోబరు 1, 2 తేదీల్లో తెల్లవారి కిరణాలు స్వామి పాదాల మీద పడతాయి కదా, నా చిన్నప్పుడు మా నాయనమ్మ దానికోసం చీకటితోనే లేపి నడిపించింది. క్యూలో నిలబడీ నిలబడీ కాళ్లు పీకేశాయి, తీరా చూస్తే ఆకాశం మూసేసింది. నేను ఏడుపు మొదలెట్టాను. ఆవిడ మాత్రం దణ్ణం పెట్టుకుని, "మబ్బట్టీసింది రా. మరేటవుద్ది, అట్టోబర్‌కొస్తాం" అని చెయ్యి పట్టుకుని ఇంటిముఖం పట్టింది. క్యూలో ఉన్నవాళ్లందరూ అంతే, ఎవరూ విసుక్కోలేదు. అక్కడితో ఆపేశాను. 128 వచ్చింది. మిగిలిన 22 మాటల్లో నాగావళిని పెట్టనా?

వలస పక్షి, హైదరాబాద్:
పెట్టకండి. అలాగే పంపేయండి. ఒక్కటే జాగ్రత్త, "అట్టోబర్"ని టైపు చేసేవాళ్లు తప్పనుకుని దిద్దేస్తారు, ముందే ఒక ముక్క రాసి పెట్టండి.