ప్రాస్పెరో ‘రాక్’ ముందు డబ్ల్యూ ఉందా, లేదా?

పాతపుస్తకం:
షేక్‌స్పియర్ ‘టెంపెస్ట్’ నాలుగో అంకంలో మాంత్రికుడు ప్రాస్పెరో మాట ఒకటి పొద్దుటి నుంచీ నోట్లో నానుతోంది. గోపురాలు, మేడలు, గుళ్లు, చివరికి ఈ భూగోళం కూడా కరిగిపోయి ‘లీవ్ నాట్ ఎ రాక్ బిహైండ్’. ఈ రాక్ ఆర్‌తో మొదలవుతుందా, డబ్ల్యూతోనా? ఆర్ అయితే (rack) మబ్బుతునక, డబ్ల్యూ అయితే (wrack) శిథిలం.

శకటరేఫ:
ఆర్ అండి. 1623 నాటి ఫోలియోలో, అంటే షేక్‌స్పియర్ నాటకాల తొలి సంపుటిలో, ఇక్కడ డబ్ల్యూ లేదు. అదే నాటకం మొదటి అంకంలో ప్రాస్పెరో కూతురు మిరాండాతో ఓడ మునక గురించి చెప్పే చోట మాత్రం డబ్ల్యూతోనే అచ్చయింది. అచ్చు కూర్చినవాళ్లకి తేడా తెలుసు.

గోదావరిగట్టు:
వాళ్ల మీద అంత నమ్మకం వద్దు మాస్టారూ. ఆ రోజుల్లో స్పెల్లింగ్‌కి కట్టుబాటు ఎక్కడుంది? వెస్ట్‌మినిస్టర్ అబేలో 1741 నాటి షేక్‌స్పియర్ విగ్రహం దగ్గర ఈ పంక్తులే చెక్కారు. అక్కడ ‘రెక్’ (wreck), అంటే శిథిలం అనే ఉంది. షేక్‌స్పియర్ నాటకాలను పరిష్కరించిన మలోన్ కూడా శిథిలం వైపే మొగ్గాడు. మేడలూ గుళ్లూ పోయాక మిగిలితే శిథిలం మిగలాలి గానీ మబ్బెందుకు మిగులుతుంది?

శకటరేఫ:
ఆ చెక్కడంలో పంక్తుల వరసే మారిపోయింది, దాన్ని సాక్ష్యానికి తేకండి. పైగా కవి కూలడం అనలేదు, ‘డిజాల్వ్’ అన్నాడు. ‘ఆంటొనీ అండ్ క్లియోపాత్రా’లో ఆంటొనీ చివరి ఘట్టాల్లో ఏమంటాడు? ఇప్పుడు గుర్రంలా కనిపించిన దాన్ని మరుక్షణమే ‘ది రాక్ డిస్‌లిమ్న్స్’, నీళ్లలో నీళ్లలా ఆనవాలు లేకుండా. లిమ్న్ అంటే బొమ్మ గీయడం. గీసిన బొమ్మను గీయనట్టు చేసేస్తుంది మబ్బు. ఆ ఒక్క క్రియ కోసం నాటకమంతా మళ్లీ చదవొచ్చు! ఓడిపోయిన సేనాని తన ఒళ్లే తనకి నిలవడం లేదని చెప్పుకోవడానికి అంతకన్నా మాట దొరకదు.

మల్లెతీగ:
ఆర్ అని ఒప్పుకుంటాను. ‘మబ్బుతునక’ అన్న అర్థమే నాకు ఎక్కడం లేదు. ‘హామ్లెట్’లో తుఫాను ముందు ‘ది రాక్ స్టాండ్ స్టిల్’ అంటారు. పరిగెత్తేది ఆగితేనే కదా ఆగిందనాలి! షేక్‌స్పియర్ కాలం వాడే అయిన రచయిత ఫ్రాన్సిస్ బేకన్ కూడా పైగాలులు కదిలించే మేఘాలనే రాక్ అన్నాడు. అంటే గాలి తోలుకుపోయే మబ్బుల బారు. తునక అనగానే ఆ పరుగు పోతుంది.

గోదావరిగట్టు:
అలాగైతే నా మాట కూడా వినండి. ఈ మాటలకి ముందు జరిగింది దేవతల మాస్క్, అంటే పాటలూ నాట్యమూ ఉన్న ప్రదర్శన. దేవత జూనో పైనుంచి దిగుతుంది. అలాంటి ప్రదర్శనల్లో మబ్బులంటే రంగస్థలం మీది సరంజామా. ఆట ముగిసి సామాను విప్పేశాక ఒక్క బొమ్మమబ్బు కూడా మిగలలేదని ప్రాస్పెరో అంటున్నాడేమో.

మల్లెతీగ:
బావుంది. కానీ ఇందాక శిథిలం అన్నది మీరే.

గోదావరిగట్టు:
రెండూ ఉండొచ్చంటున్నాను. హాల్లో కూర్చుని విన్నవాడికి డబ్ల్యూ వినపడదు. మన వ్రాత రాత అయినట్టే.

శకటరేఫ:
1611లో లండన్‌లో అందరి నోటా ఆ డబ్ల్యూ పడిపోయిందని చూపించండి, అప్పుడు ఒప్పుకుంటాను. ‘అరుగు’కీ ‘అఱుగు’కీ ఇవాళ చెవికి తేడా తెలియదు. ఒకటి వెళ్లడం, ఒకటి జీర్ణం కావడం. అంతమాత్రాన పాత పద్యంలో ఎక్కడ పడితే అక్కడ శ్లేష ఉందంటామా?

కొత్తసభ్యుడు:
మధ్యలో అడ్డొస్తున్నానండి. టెన్షన్ గురించి రాసేటప్పుడు ‘నర్వ్ రాకింగ్’కి ఏ రాక్?

మల్లెతీగ:
ఆర్ బాబూ. మనిషిని కట్టి రెండు వైపులా లాగే హింసాయంత్రం పేరు అది. డబ్ల్యూతో కూడా చాలామంది రాస్తారు, డిక్షనరీలు దాన్నీ ఇస్తున్నాయి. ‘రాక్ అండ్ రూయిన్’లో మాత్రం నాశనం అన్న డబ్ల్యూ రాకే పాతది.

పాతపుస్తకం:
శకటరేఫ గారూ, ఫోలియోలో ఓడ మునక అని వచ్చే మిగతా చోట్ల కూడా డబ్ల్యూ ఉందా? ఒక్క చోటు చూపించి తేల్చేస్తే నాకు చాలదు.

శకటరేఫ:
చూస్తాను. ఈలోగా షేక్‌స్పియర్ 33వ సానెట్ తీయండి, సూర్యుడి ముఖాన్ని కమ్మే ‘అగ్లీ రాక్’ అక్కడుంది. అక్కడ ఎవరూ శిథిలం అనలేరు.