ఈ. కొలై సి లో పెంచిన లాంబ్డా ఫేజ్ లెక్క కె-12 మీద ఎందుకు పడిపోతోంది? మిగిలినవి మ్యుటెంట్లేనా?

ప్రశ్న:
లాంబ్డా ఫేజ్‌ని (బాక్టీరియాకి సోకే వైరస్) ఈ. కొలై సి లో పెంచి, ఆ ఒకే లైసేట్‌ని (కణాలు పగిలాక వచ్చే ఫేజ్ ద్రవం) రెండు లాన్‌ల (ప్లేటు నిండా పెరిగిన బాక్టీరియా పొర) మీద వేశాం. ఈ. కొలై సి మీద మిల్లీలీటరుకు 40 కోట్ల ప్లాక్‌లు (ఫేజ్ కణాల్ని చంపిన చోట ఏర్పడే ఖాళీ మచ్చలు) లెక్కకొచ్చాయి, ఈ. కొలైలోనే మరో రకమైన కె-12 మీద సుమారు లక్ష. అంటే నాలుగు వేలకి ఒకటి. కె-12 మీద వచ్చిన ప్లాక్ ఒకటి తీసి, కె-12 లోనే పెంచి మళ్లీ వేస్తే రెండింటి మీదా సమానంగా వస్తున్నాయి. రెండు కల్చర్లకీ 0.2 శాతం మాల్టోజ్, 10 మిల్లీమోలార్ మెగ్నీషియం సల్ఫేట్ ఇచ్చాం. దీన్ని మ్యుటేషన్ అనుకోవచ్చా?

జవాబు 1:
మాల్టోజ్ మీద అనుమానం అక్కర్లేదండీ. మాల్టోజ్ ఉంటే ఎక్కువగా తయారయ్యే లామ్-బి రిసెప్టర్ (ఫేజ్ పట్టుకునే ప్రోటీన్) తక్కువై ఫేజ్ అతుక్కోకపోతే, కె-12 లో పెరిగిన ఫేజ్‌కీ అదే గతి పట్టాలి కదా. దానికి పట్టలేదు.

మ్యుటేషనో కాదో ఒక్క పరీక్షతో తేలుతుంది. కె-12 లో పెరిగిన లైసేట్‌ని బాగా పలచన చేసి సి మీద వేయండి. విడిగా ఉన్న ఒక్క ప్లాక్‌ని పాశ్చర్ పిపెట్‌తో పొడిచి తీసి, 1 మిల్లీలీటరు ఎస్‌ఎం బఫర్‌లో (ఫేజ్‌ని ఉంచే ద్రావణం) ఒక చుక్క క్లోరోఫామ్‌తో గంటసేపు ఉంచండి. దాన్ని మళ్లీ రెండు లాన్‌ల మీద వేయండి. కె-12 మీద లెక్క తిరిగి వేల వంతుల్లో పడిపోతే అది మ్యుటేషన్ కాదు, కె-12 కణం ఫేజ్ డీఎన్‌ఏ మీద వేసిన గుర్తు చెరిగిపోయింది. సమానంగానే వస్తే అప్పుడు మ్యుటెంట్ అనండి.

ఒక్క ప్లాకే ఎందుకంటే, ట్యూబులో ఎక్కువ ఫేజ్ పోసి లైసేట్ చేస్తే, కణాల్లోకి వెళ్లకుండా మిగిలిన పాత ఫేజ్ కొత్తదాంతో కలిసిపోయి కె-12 మీద లెక్కని పెంచి చూపిస్తుంది.

1953లో బెర్టానీ, వైగిల్ లాంబ్డాలో చూసింది ఈ రాకపోకలనే. ఆ గుర్తు ఉన్నది డీఎన్‌ఏ మీదేనని 1962లో ఆర్బర్, డుస్వా తేల్చారు.

జవాబు 2:
లోపల జరిగేది చెబుతాను. కె-12 లో ఈకో-కె-1 అనే, గుర్తు లేని డీఎన్‌ఏని కోసే టైప్-1 ఎంజైమ్ ఉంటుంది. దాని భాగాలు: చోటుని గుర్తుపట్టే ఎస్ ఒకటి, మిథైల్ (పైన చెప్పిన గుర్తు ఇదే) తగిలించే ఎమ్ రెండు, కోసే ఆర్ రెండు. అది వెతికేది ఏ-ఏ-సి, తర్వాత ఏవైనా 6 బేసులు, ఆపైన జి-టి-జి-సి. ఆ చోట రెండు పోగుల్లోనూ ఒక్కో అడెనీన్‌కి మిథైల్ ఉంటే జోలికి పోదు. ఒక్క పోగుకే ఉంటే రెండోదానికి కూడా తగిలిస్తుంది. ఏ పోగుకీ లేకపోతే అక్కడే కూర్చుని, ఏటీపీ ఖర్చుపెడుతూ రెండు వైపుల నుంచీ డీఎన్‌ఏని లాక్కుని, ఆ చోటుకి దూరంగా ఎక్కడో కోస్తుంది. ముక్కల్ని రెక్-బి-సి-డి అనే మరో ఎంజైమ్ నమిలేస్తుంది.

బాక్టీరియా తన డీఎన్‌ఏని కోసుకోకపోవడానికి కారణం కూడా ఇదే. కాపీ అయిన ప్రతిసారీ పాత పోగుకి మిథైల్ ఉంటుంది, కాబట్టి ఎంజైమ్‌కి అక్కడ కనిపించేది సగం పూర్తయిన పనే.

మీ లక్ష ప్లాక్‌లు కత్తిరింపు కన్నా ముందు మిథైల్ పడిన అదృష్టపు కణాల నుంచి వచ్చినవి. ఆ కణంలో పుట్టిన పిల్ల ఫేజ్‌లన్నింటికీ గుర్తు ఉంటుంది. సి లో అలాంటి ఎంజైమే లేదు గనక ఒక్క తరంలో గుర్తు పోతుంది, పాత పోగు దక్కిన ఒకటీ అరా తప్ప.

ఫేజ్‌లూ ఊరుకోలేదు. టీ7 అనే మరో ఫేజ్ తన 0.3 జీన్ నుంచి ముందుగానే ఆక్ర్ అనే ప్రోటీన్ తీస్తుంది. అది వంగిన డీఎన్‌ఏలా కనిపించి ఈ ఎంజైమ్‌నే పట్టేసుకుంటుంది. కాబట్టి టీ7 తో ఇదే ప్రయోగం చేస్తే మీకు తేడా కనపడదు.

ప్రశ్న అడిగినవారు:
క్రిస్పర్ కావచ్చా? పరీక్షకి సి బదులు డీహెచ్5-ఆల్ఫా వాడొచ్చా?

జవాబు 2:
క్రిస్పర్ (పాత ఫేజ్‌ల డీఎన్‌ఏ ముక్కల్ని గుర్తుంచుకుని కోసే బాక్టీరియా రక్షణ) అయితే తప్పించుకున్న ఫేజ్‌లో పామ్ (కోతకి పక్కనే ఉండాల్సిన చిన్న వరస) దగ్గరో స్పేసర్‌తో (దాచుకున్న ఆ ముక్క) జతపడే చోటో బేసు మారి ఉంటుంది, సి లో ఎన్నిసార్లు తిప్పినా అది పోదు. పైగా మామూలు కె-12 లో క్రిస్పర్‌ని నడిపే క్యాస్ జీన్లని హెచ్-ఎన్‌ఎస్ అనే ప్రోటీన్ అణచి ఉంచుతుంది.

డీహెచ్5-ఆల్ఫా (ల్యాబుల్లో వాడే కె-12 రకం) మాత్రం వద్దండీ. దాని హెచ్‌ఎస్‌డీ-ఆర్17 లోపం వల్ల కోత మాత్రమే పోయింది, మిథైల్ పని మామూలుగా సాగుతుంది. అందులో తిప్పిన ఫేజ్ కె-12 మీద నిండుగా వస్తుంది, మీరేమో మ్యుటేషన్ అని రాసేసుకుంటారు. సి లేకపోతే ఎస్ భాగం చెడిన రకం వాడండి. కోతకీ మిథైల్‌కీ చోటు చూపేది అదే కాబట్టి రెండూ పోతాయి.