సీ షిఫ్ట్ దిగొచ్చి పడుకున్నాక గుండెల మీద కూర్చున్నదెవరు? దెయ్యాలున్నాయా, లేవా?

ఉక్కునగరం సీ షిఫ్ట్:
మూడు వారాల్లో ఇది రెండోసారి. పొద్దున్న ఆరుకి సీ షిఫ్ట్, అంటే రాత్రి డ్యూటీ, దిగి క్వార్టర్‌కి వచ్చి, ఇంత పెరుగన్నం తిని పడుకున్నాను. తొమ్మిదిన్నర అయి ఉంటుంది, మెలకువ వచ్చింది. కళ్లు తెరిచే ఉన్నాయి. ఫ్యాను తిరుగుతోంది, వీధిలో ఆకుకూరలమ్మే ఆవిడ కేక వినిపిస్తోంది, తలుపుకి తగిలించిన మా పాప గొడుగు కనిపిస్తోంది. వేలు మాత్రం కదల్లేదు. నా గుండెల మీద ఓ ముసలావిడ గొంతుక్కూర్చుని ఉంది. మొహం కనబళ్లేదు, ముగ్గుబుట్టలాంటి తల కనబడింది. అమ్మా అని అరుద్దామంటే గొంతు పెగల్లేదు. కాసేపటికి కాలు ఒక్కసారిగా విదిలింది, అంతే, ఎవరూ లేరు.

మా అమ్మ దిండు కింద అట్లకాడ పెట్టింది, సింహాచలం వెళ్లి చందనం తెచ్చి నుదుట రాసింది. పట్టపగలు వచ్చే దెయ్యం ఉంటుందా? లేకపోతే నేను చూసినదేమిటి? నమ్మేవాళ్లూ నమ్మనివాళ్లూ ఇద్దరూ చెప్పండి, కొట్టిపారేయకండి.

గాజువాక మాస్టారు:
బాబూ, నువ్వు చూసింది చూసినట్టే చెప్పావు. దీన్ని నిద్ర పక్షవాతం అంటారు. కలలొచ్చే నిద్రలో మెదడు కాళ్లూ చేతులూ కట్టేస్తుంది, లేకపోతే కలలో పరిగెత్తినవాడు మంచం మీంచి నిజంగానే దూకేస్తాడు. ఊపిరాడించే కండరం, కనుగుడ్లు మాత్రం పనిచేస్తుంటాయి. ఒక్కోసారి ఆ కట్టు విడకముందే మెలకువ వచ్చేస్తుంది. గది నిజం, ముసలావిడ కల, రెండూ కలిసిపోతాయి. గట్టిగా ఊపిరి పీలుద్దామంటే ఛాతీ మాట వినదు, అది బరువుగా తోస్తుంది. కొన్ని సెకన్లలో, మహా అయితే రెండు మూడు నిమిషాల్లో పోతుంది. నిద్ర చాలకపోయినా, షిఫ్టులు మారుతున్నా, వెల్లకిలా పడుకున్నా ఎక్కువగా వస్తుంది. జపాన్‌లో దీన్ని కనషిబరి అంటారు. కెనడా న్యూఫౌండ్‌లాండ్‌లో ముసలి మంత్రగత్తె వచ్చి కూర్చుందంటారు. ఒంటికి జరిగేది అన్నిచోట్లా ఒకటే, మొహం ఏ ఊరిది ఆ ఊరిదే. దెయ్యాలు లేవు, ఇది నా మాట.

పెదవాల్తేరు పిన్నిగారు:
అంత తేలిగ్గా లేవనకండి మాస్టారూ. మా ఆయన పోయి పద్నాలుగు నెలలు. నెలకి రెండు మూడుసార్లు తెల్లారగట్ల వరండాలోంచి చుట్ట వాసన వస్తుంది. మా ఇంట్లో ఆయన తప్ప చుట్ట కాల్చేవాళ్లు లేరు. నేను నిద్రలో లేను, అప్పటికే లేచి పాలు పొయ్యి మీద పెట్టి ఉంటాను. భయం వెయ్యదు. ఆ రోజంతా ఒంట్లో ఓపిక ఉంటుంది. దీనికీ ఏదో పేరుందంటే వినను.

గాజువాక మాస్టారు:
పేరు చెప్పను పిన్నిగారూ, ఒక్క సంగతి చెబుతాను. 1971లో వేల్స్‌లో డెవీ రీస్ అనే డాక్టరు భర్తనో భార్యనో పోగొట్టుకున్న 293 మందితో మాట్లాడి రాశాడు. దాదాపు సగం మందికి పోయినవారు దగ్గరున్నట్టో, కనబడినట్టో, మాట వినబడినట్టో అనిపించిందట. చాలామంది అంతకుముందు ఎవరితోనూ చెప్పుకోలేదు. అది జబ్బని ఆయన అనలేదు, నేనూ అనను. నమ్మకం ఎవరిష్టం వారిది.

చోడవరం అక్క:
మాస్టారూ, "ఎవరిష్టం వారిది" అని వదిలెయ్యకండి. మా చెల్లి కథ వినండి.

పురుడై వారం. చెల్లి నిద్రపోవడం మానేసింది. బిడ్డను ఎవరో మార్చేశారంది, తలుపు చాటున నిలబడ్డవాళ్లతో మాట్లాడేది. బాలింతకి గాలి సోకిందన్నారు అత్తింటివాళ్లు. పక్క ఊరి నుంచి భూతవైద్యుణ్ని తెచ్చారు. ఎండుమిరపకాయల పొగ వేశాడు, నువ్వెవరివో చెప్పు అంటూ వేపమండలతో కొట్టాడు. కట్టేసిన తాడు ఒరుసుకుని ఎడమ మణికట్టు చుట్టూ తోలు లేచిపోయింది. దెబ్బలకి తాళలేక ఎవరో చచ్చినావిడ పేరు చెప్పేసింది. అందరూ చూశారా, ఒప్పుకుంది అన్నారు. తొమ్మిది రోజులు ఇలాగే. పాలు ఎండిపోయాయి.

బిడ్డకి టీకా వెయ్యడానికొచ్చిన నర్సమ్మ చూసి, ఇప్పుడే ఆటో ఎక్కించండి అని అరిచింది. విశాఖ తీసుకెళ్లాం. ప్రసవమయ్యాక వచ్చే మతిభ్రమణం అన్నారు డాక్టరుగారు. వెయ్యి కాన్పుల్లో ఒకరిద్దరికి వస్తుందట, తల్లికీ బిడ్డకీ ప్రాణం మీదికి వస్తుంది కాబట్టి ఒక్క రోజు కూడా ఆగకూడదట. మందులతో నెలన్నరకి మా చెల్లి మాకు దక్కింది. ఇప్పుడా బిడ్డ నాలుగో తరగతి. మణికట్టు మచ్చ మీదికి గాజులు జరుపుకుంటుంది, ఇప్పటికీ.

ఏజెన్సీలో చిల్లంగి, అంటే చేతబడి, పెట్టాడన్న అనుమానంతో మనిషిని చంపారన్న వార్తలు మనం చదవలేదా? ఆ చంపినవాళ్లూ నమ్మకస్తులే.

పెదవాల్తేరు పిన్నిగారు:
చదువుతుంటే కడుపు తరుక్కుపోయింది తల్లీ. కానీ నీ చెల్లెల్ని కొట్టిన చేతులకీ నా చుట్ట వాసనకీ ముడి పెట్టకు. నేనెవర్నీ పొగ పెట్టనివ్వను.

చోడవరం అక్క:
మీరు పెట్టనివ్వరు పిన్నిగారూ, నాకు తెలుసు. మా చెల్లి అత్తగారూ మంచావిడే. భయమేసింది, దెయ్యాలున్నాయని చిన్నప్పట్నుంచీ విన్నది, భూతవైద్యుణ్ని పిలిచింది. ఉంటే ఉన్నాయనుకోండి, నేను వాదించను. మనిషి మాట తేడాగా ఉంటే మొదటి ఫోను డాక్టరుకి వెళ్లాలి. ఎవరికి చెయ్యాలో తెలియకపోతే మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ నంబరు 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడతారు. మాకప్పుడు అది లేదు.

ఉక్కునగరం సీ షిఫ్ట్:
అందరికీ దండం. మాస్టారు చెప్పినట్టు పక్కకి తిరిగి పడుకుంటున్నాను, ఫోను వేరే గదిలో పెట్టి ఏడు గంటలు నిద్రపోతున్నాను. పది రోజులైంది, ముసలావిడ రాలేదు. అక్క రాసింది మా అమ్మకి చదివి వినిపించాను. ఏమీ అనలేదు, 14416 క్యాలెండర్ మీద రాయించుకుంది. అట్లకాడ మాత్రం తియ్యనివ్వలేదు. ఎల్లుండి నుంచి మళ్లీ సీ షిఫ్టే.