షుగర్ ఉన్నవారికి రాజ్మా, శనగలు, బొబ్బర్లు పెట్టవచ్చునా?

ప్రశ్న (మల్కాజ్‌గిరి నుంచి):

నమస్కారం. మా అత్తగారికి చాలాకాలంగా షుగర్ ఉంది. గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర వాడుతున్నారు. అన్నం తగ్గించమని డాక్టరు గారు చెప్పినప్పటి నుంచి రాజ్మా, బొబ్బర్లు, శనగలు తరచుగా వండుతున్నాను. అయినా భోజనం తరువాత రీడింగు తగ్గడం లేదు, పైగా కడుపు ఉబ్బరంగా ఉంటోందని ఆవిడ బాధపడుతున్నారు. గింజల్లోనూ పిండిపదార్థం ఉంటుంది కదా, మానేయమంటారా?

సమాధానం:

మానవద్దమ్మా. ముందుగా ఆ గింజలు అన్నానికి బదులుగా వస్తున్నాయా, లేక అన్నంతో పాటు అదనంగా చేరుతున్నాయా అన్నది చూడండి. వండిన తెల్లన్నం 100 గ్రాములలో సుమారు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటే, ఉడికిన రాజ్మాలో 23 వరకు ఉంటుంది. అన్నం తగ్గించకుండా రాజ్మా కలిపితే రీడింగు దిగే అవకాశం లేదు. అయితే రాజ్మాలోని ఆ 23లో ఆరు గ్రాములకు పైగా పీచే, మిగిలిన పిండిపదార్థం కూడా గింజ కణాల గోడల మధ్య చిక్కుకుని ఉండి నెమ్మదిగా అరుగుతుంది కాబట్టి, అన్నంలో సగం తీసివేసి ఆ స్థానంలో అరకప్పు ఉడికిన గింజలు పెడితే తేడా కనిపిస్తుంది.

ఒక ఆహారం తిన్నాక రక్తంలో షుగర్ ఎంతగా పెరుగుతుందో చెప్పే గ్లైసిమిక్ ఇండెక్స్ అనే కొలతను 1981లో ప్రతిపాదించిన టొరంటో శాస్త్రవేత్త డేవిడ్ జెన్కిన్స్ బృందమే, 2012లో టైప్ 2 మధుమేహం ఉన్న 121 మందిపై చేసిన పరిశీలనను ప్రచురించింది. మూడు నెలల పాటు రోజూ కనీసం ఒక కప్పు గింజలు తిన్నవారిలో, గత రెండు మూడు నెలల సగటు షుగర్ను చూపే హెచ్‌బీఏ1సీ 0.5 శాతం తగ్గింది. గోధుమ పీచు ఎక్కువగా తిన్నవారిలో తగ్గింది 0.3 శాతమే.

ఇక ఉబ్బరం సంగతి. మాత్రల పట్టీ మీద వోగ్లిబోస్ అని కూడా ఉందేమో దయచేసి చూడండి. అది పిండిపదార్థం అరగడాన్ని ఆలస్యం చేసే మందు కనుక, గింజలతో కలిసినప్పుడు గ్యాస్ ఎక్కువవుతుంది. రాత్రంతా నానబెట్టి, ఆ నీటిని పారబోసి, కొత్త నీటితో కుక్కరులో వేలితో నొక్కితే మెదిగేంత వరకు ఉడికించండి. సరిగా ఉడకని రాజ్మా వాంతులు, విరేచనాలు కలిగిస్తుంది కాబట్టి ఇందులో తొందర పనికిరాదు. మొదట రెండు మూడు చెంచాలతో మొదలుపెట్టి క్రమంగా పెంచండి.

ప్రశ్నించినవారు:

ధన్యవాదాలండి. పట్టీ మీద వోగ్లిబోస్ కూడా ఉంది. గోకరకాయ, చిక్కుడుకాయ, పెసరట్టు, ఉలవచారు సంగతి కూడా చెప్పగలరా?

సమాధానం:

అయితే ఒక ముఖ్యమైన జాగ్రత్త. గ్లిమిపిరైడ్ వేసుకుంటూ అన్నం ఒక్కసారిగా తగ్గిస్తే షుగర్ 70 కంటే కిందికి పడిపోవచ్చు. వోగ్లిబోస్ వాడేవారికి అప్పుడు పంచదార త్వరగా పనిచేయదు, గ్లూకోజ్ పొడే నీటిలో కలిపి ఇవ్వాలి. అందుచేత ఇంట్లో ఒక గ్లూకోజ్ ప్యాకెట్టు ఉంచండి, ఆహారంలో చేస్తున్న మార్పును డాక్టరు గారికి చెప్పండి. మూత్రపిండాల సమస్య ఉంటే, గింజల్లో పొటాషియం ఎక్కువ కనుక, ఆయనను అడగకుండా పెంచవద్దు.

గోకరకాయ, లేత చిక్కుడు, బీన్స్ కూరలలో పిండిపదార్థం చాలా తక్కువ. నూనె మితంగా వేసి ధారాళంగా పెట్టవచ్చు. పెసరట్టు పొట్టు పెసలతో, బియ్యం కలపకుండా వేయండి, లోపల ఉప్మా వద్దు. ఉలవచారులో దిగేది కట్టు మాత్రమే, పీచంతా గింజలోనే మిగిలిపోతుంది. నా అభిప్రాయంలో సాయంత్రం బిస్కట్లకు బదులుగా ఉలవ గుడాలో, బొబ్బర గుడాలో ఒక చిన్న గిన్నెడు పెట్టడం మేలు.

ఒకే రకమైన భోజనానికి, మొదటి ముద్ద తిన్న రెండు గంటలకు, పాత పద్ధతిలో ఒకరోజు, కొత్త పద్ధతిలో మరొకరోజు రీడింగు తీసి రాసిపెట్టండి. ఆవిడకు ఎంత గింజ సరిపోతుందో ఆ కాగితం చూసి డాక్టరు గారే నిర్ణయించగలరు.