కులపతి అంటే గవర్నరా, వీసీయా?

మారతహళ్లి నుంచి:
బెంగళూరు నుంచి అందరికీ నమస్కారం. మా తమ్ముడి కాలేజీ స్నాతకోత్సవం కార్డు వచ్చింది, మొత్తం కన్నడంలోనే. ఫొటో తీసి ఒంగోలులో ఉన్న నాన్నకి పంపాను. ఆయన కూడబలుక్కుని చదివి ("మన అక్షరాలేగా, తలకట్టు దగ్గరే తేడా" అంటారు) వెంటనే ఫోన్ చేశారు: "కులపతిగళు అని ఉందమ్మా, వాడికి గవర్నరు గారే పట్టా ఇస్తున్నారా!" తీరా చూస్తే రాజ్యపాలరు (గవర్నరు) పై వరుసలో విడిగా ఉన్నారు, పక్కన కులాధిపతి అని. ఆయన కింద సమకులాధిపతి, ఆ కింద కులపతి, చివర కులసచివరు. ఒక్క కార్డులో ఇన్ని కులాలేమిటండీ? మన తెలుగులో కులపతి అంటే చాన్సలరే కదా?

మల్లేశ్వరం మాస్టారు:
తెలుగులో చాన్సలరేనమ్మా. కన్నడంలో మాత్రం వైస్ చాన్సలర్. చాన్సలర్‌ను వీళ్లు ఒక మెట్టు పైకెక్కించి కులాధిపతిని చేశారు. రిజిస్ట్రారు కులసచివుడు. సమకులాధిపతి అంటే ప్రో-చాన్సలర్, ఆ పదవి ఉన్నత విద్యాశాఖ మంత్రిది. హిందీలోనూ కులాధిపతి, కులపతి ఇదే వరుస. మరాఠీలో మళ్లీ కులపతి అంటే చాన్సలరే, వీసీని కులగురు అంటారు. మాట ఒకటే, పొలిమేర దాటితే కుర్చీ మారిపోతుంది.

నన్నడిగితే కన్నడం వాళ్లదే సబబు. భారతం మొదట్లో నైమిశారణ్యంలో సత్రయాగం చేస్తున్న శౌనకుణ్ణి కులపతి అంటారు. పదివేలమందికి అన్నం పెట్టి చదువు చెప్పేవాడు కులపతి అని పెద్దల నిర్వచనం. హాస్టల్ మెస్సు గొడవ నుంచి పరీక్ష వాయిదా దాకా ఇవాళ ఎవరి నెత్తిన పడుతోంది? వీసీ నెత్తినే. గవర్నరు ఏడాదికోసారి గౌను వేసుకుని వస్తారు.

కోరమంగళ నుంచి:
మాస్టారూ, ఒక్క మాట. వీసీని వేసేది ఎవరు? ఇక్కడ కర్ణాటకలో 2000 నాటి విశ్వవిద్యాలయాల చట్టం ప్రకారం అన్వేషణ సంఘం పేర్లు ఇస్తే, ప్రభుత్వ సమ్మతితో గవర్నరు నియమిస్తారు. పై చెయ్యి ఆయనదైనప్పుడు మనవాళ్లు వీసీని 'ఉప'కులపతి అనడంలో తప్పేముంది?

మల్లేశ్వరం మాస్టారు:
తప్పని కాదు బాబూ, చిన్నబుచ్చినట్టుంటుంది. ఒకప్పుడు మనవాళ్లు ఉపాధ్యక్షులు అనేవారు. 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పెట్టినప్పుడు కట్టమంచి రామలింగారెడ్డి గారు మొదటి ఉపాధ్యక్షులు. అంతకు ముందు ఆయన ఈ మైసూరు రాజ్యంలోనే విద్యాశాఖ చూశారు. 'ఉప' ఉన్నంత మాత్రాన ఆయన్ని ఎవరైనా రెండోవాడు అనుకున్నారా? అసలు 'ఉప' అంటే దగ్గర అని కూడా. ఉపాధ్యాయుడంటే డిప్యూటీ అధ్యాయుడు కాదు కదా, ఎవరి దగ్గర కూర్చుని చదువుకుంటామో ఆయన.

కోరమంగళ నుంచి:
ఈ లాజిక్ ఏ ఉపముఖ్యమంత్రికైనా చెప్పి చూడండి, ఎగిరి గంతేస్తారు :)

చెన్నై, అన్నానగర్:
మా దగ్గర కులమే లేదు. చాన్సలర్ వేందర్, అంటే రాజు. వీసీ తుణైవేందర్, మంత్రి ఇణైవేందర్. రాజు ఎవరన్న తగువు ఇక్కడ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. గవర్నరు ఆపిన 10 బిల్లులకు ఆమోదం వచ్చినట్టేనని 2025 ఏప్రిల్ 8న తీర్పు వచ్చింది కదా, వాటిలో ఎక్కువ ఈ వీసీల నియామకం గురించినవే.

మారతహళ్లి నుంచి:
ఇంకో సందేహం కూడా తీర్చండి. ఆ కార్డులోనే 'ఉన్నత శిక్షణ సచివరు' అని ఉంది. నాన్న ట్రైనింగ్ మంత్రి అనుకున్నారు.

మల్లేశ్వరం మాస్టారు:
కన్నడంలో శిక్షణ అంటే చదువేనమ్మా. మన ఉన్నత విద్యా మండలి లాంటిది ఇక్కడ ఉన్నత శిక్షణ పరిషత్తు. మనది 1988 చట్టంతో వచ్చింది, ఇక్కడిది 2010 చట్టంతో. తమిళనాడులో 1992 చట్టం, పేరు మన్రం. నాకు చిరాకు తెప్పించేది మన 'మండలి'. కన్నడంలో బోర్డుకి మండళి, కౌన్సిల్‌కి పరిషత్తు. మనకు ఇంటర్ బోర్డూ మండలే, ఉన్నత విద్యదీ మండలే, కాలుష్య నియంత్రణదీ మండలే, ఎమ్మెల్సీలు కూర్చునేదీ మండలే. ఇంటర్ మండలి తనే పరీక్ష పెట్టి మార్కులిస్తుంది. ఉన్నత విద్యా మండలి అలా కాదు, ఏ సెట్ ఏ యూనివర్సిటీ నిర్వహించాలో, కన్వీనరు ఎవరో చెప్పి పైనుంచి చూస్తుంది. విశ్వవిద్యాలయాల మధ్య, వాటికీ ప్రభుత్వానికీ మధ్య సమన్వయం దాని పని. పేరు చూస్తే ఈ తేడా తెలియదు. ఇక్కడ సీఈటీ పరిషత్తు జోలికే రాదు, అది మా వీధి చివరున్న పరీక్షా ప్రాధికారది, అంటే ఎగ్జామినేషన్స్ అథారిటీది. కౌన్సెలింగ్ రోజుల్లో మా ఇంటి ముందు బండి పెట్టే చోటుండదు.

అన్నానగర్:
సమన్వయం అన్నారు కాబట్టి: ఉన్నత విద్యలో సమన్వయం, ప్రమాణాల నిర్ణయం రాజ్యాంగంలో కేంద్ర జాబితా, 66వ అంశం. విద్య 1976 సవరణతో ఉమ్మడి జాబితాలోకి వచ్చింది. కేంద్రం తరఫున యూజీసీదీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) సమన్వయమే, మండలిదీ సమన్వయమే. ఇద్దరు సమన్వయకర్తల మధ్య సమన్వయం ఎవరిదో!

మారతహళ్లి నుంచి:
అందరికీ థాంక్సండీ. నాన్నకి ఇదంతా చదివి వినిపించాను. శ్రద్ధగా విని, "సరే, ఊళ్లో ఏమని చెప్పను?" అన్నారు. వీసీ ఇస్తారని చెప్పండి నాన్నా అన్నాను. "అదేదో ముందే చెప్పొచ్చుగా" అని పెట్టేశారు.