అప్‌డేట్: కాలనీలో స్కూలు ప్లాన్ ఖరారైంది

సైనిక్‌పురిలో 30 అడుగుల రోడ్డు మీద, మూడు పక్కలా ఇళ్లున్న స్థలంలో స్కూలు ఎలా కట్టాలని అడిగాను కదా. మీ సలహాలు చాలావరకు ప్లాన్‌లోకి వచ్చాయి.

అన్నిటికన్నా పెద్ద పని గేటు దగ్గరే. పిల్లల్ని దింపే దారిని ప్రహరీ లోపలే తిప్పాం. వరసలో ఒక్కో కారుకు 6 మీటర్లు పడుతుంది. 90 మీటర్ల దారిలో 15 కార్లు నిలుస్తాయి. దింపే చోట పక్కనే దాటిపోవడానికి ఇంకో 3 మీటర్ల వరస తప్పనిసరి. అది లేకపోతే ఒక్కరు బ్యాగు సర్దుతూ ఆగినా తోక రోడ్డెక్కుతుంది. ఆటోలకు, స్కూటర్లకు పక్క సందులో వేరే గేటు.

నివాస ప్రాంతంలో పగటి శబ్ద పరిమితి 55 డెసిబెల్స్. అందుకే గ్రౌండ్‌ను రోడ్డు వైపుకు మార్చాం. వెనకిళ్లకు రెండంతస్తుల క్లాసుల బ్లాకే అడ్డు. ఒక్క వరస చెట్లు శబ్దాన్ని ఆపవు, కానుగలు నీడ కోసమే. ఇళ్లను చూసే గోడకు కిటికీ అడుగు 1.5 మీటర్ల ఎత్తులో పెట్టాం. గాలి, వెలుతురు వస్తాయి, పక్కింటి పెరడు కనపడదు.

ఇంకుడు గుంత మాత్రం తేలలేదు: నాలుగడుగులకే రాయి తగిలింది. వాననీళ్లకు సంపే కట్టి, నిండాక మిగిలింది వరద కాలువకు కలపాలనుకుంటున్నాం.